సంఘంలో ఉంటూనే సంఘాన్ని సరిచేయగలమా? ఒక పాత ట్రెజరర్ సమాధానం

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది మండల కేంద్రంలోని సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, అంటే చర్చి. ఆరేళ్ళుగా లెక్కలు సంఘం ముందు చదవలేదు. మిషన్ కాంపౌండ్‌లో రోడ్డు వైపు కట్టిన ఏడు షాపుల్లో నాలుగు కమిటీవాళ్ళ బంధువుల చేతిలో ఉన్నాయి, అద్దె ఎంతో ఎవరికీ తెలియదు. అడిగితే "నిన్నగాక మొన్న కన్ఫర్మేషన్ (పూర్తి సభ్యత్వం) తీసుకున్నావు, నీకెందుకు" అన్నారు. ఒక స్నేహితుడు ఇండిపెండెంట్ చర్చికి వచ్చేయమంటున్నాడు, ఒకరు కోర్టులో కేసు వేద్దామంటున్నారు, ఇంకొకరు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడదామంటున్నారు. తాతగారి సమాధి ఉన్న ఆవరణ వదిలి వెళ్ళడానికి మీకు మనసు ఒప్పడం లేదు. లోపల ఉండి నిజంగా ఏమైనా చేయగలమా అని అడిగారు.

చేయగలరు. నేను అనుకున్నదాంట్లో సగం చేయగలిగాను, దానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. నేను రిటైరైన టీచర్ని. మా పాస్టరేట్‌లో (ఒక అయ్యగారి, అంటే పాస్టర్ గారి, పరిధి) ఆడవాళ్ళ సమాజమైన స్త్రీల మైత్రికి కార్యదర్శిగా, తర్వాత ఆరేళ్ళు ట్రెజరర్‌గా ఉన్నాను, రెండుసార్లు డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్‌కి ప్రతినిధిగా వెళ్ళాను. ఏ డయాసిస్ అన్నది చెప్పను. అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు, కొందరు మారారు కూడా.

మా సంఘంలో మార్పు పిడికెడు బియ్యం దగ్గర మొదలైంది. మన సంఘాల్లో ఆడవాళ్ళు వండేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం గుడికి తెస్తారు కదా. ఆరాధన అయ్యాక ఆ బియ్యం వేలం వేసేవాళ్ళు. డబ్బు ఎటు పోతుందో తెచ్చిన అమ్మలకే తెలియదు. నేను కార్యదర్శినయ్యాక బడి నుంచి ఒక పాత నల్లబల్ల తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. ఈ వారం వచ్చిన బియ్యం ఎన్ని కేజీలు, ఎంతకు పోయింది, ఇప్పటిదాకా ఎంత జమ అయింది, ఎవరి ఆపరేషన్‌కి ఎంత ఇచ్చాం అని ప్రతి ఆదివారం సుద్దముక్కతో రాసేదాన్ని. ఎవరినీ ఏమీ అనలేదు. కొన్ని నెలలకి జనరల్ బాడీలో ఒక పెద్దాయన లేచి, ఆడవాళ్ళ బియ్యం లెక్క పలక మీద ఉంది, మన కానుకల లెక్క ఎక్కడుందని అడిగారు. ఆ మాట నేను అడిగి ఉంటే కూర్చోబెట్టేసేవాళ్ళు. ఆయన్ని కూర్చోబెట్టడం ఎవరివల్లా కాలేదు.

అందుకే మిమ్మల్ని మొదట అడుగుతున్నాను: మీ చేతిలో ఇప్పటికే ఏముంది? యూత్ ఫండ్, సండేస్కూల్ డబ్బు, క్రిస్మస్ కేరల్స్‌లో వచ్చిన కానుకలు... ఏదో ఒకటి ఉంటుంది. ముందు దాని లెక్క బయట పెట్టండి. తన పెట్టె తెరిచి చూపించినవాడు ఎదుటివాళ్ళ పెట్టె గురించి అడిగితే జనం వింటారు.

ఇక రెండో పని. ఇది చాలామంది చేయరు, ఇక్కడే ఓడిపోతారు. మీ డయాసిస్ కాన్‌స్టిట్యూషన్ పుస్తకం సంపాదించి చదవండి. డయాసిస్ ఆఫీసులో అడిగితే దొరకాలి. దొరకకపోతే కౌన్సిల్‌కి వెళ్ళిన పాత ప్రతినిధుల ఇంట్లో బీరువా మీద ఉంటుంది, నాకు అలాగే దొరికింది. అందులో ఎవరికి ఓటుంది, చందా ఎన్నాళ్ళు బాకీ ఉంటే ఓటు పోతుంది, జనరల్ బాడీ ఏడాదికి ఎన్నిసార్లు జరగాలి, కోరం ఎంత, తీర్మానం పెట్టాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎంతమంది సంతకం పెడితే ప్రత్యేక సమావేశం పిలవాలి, ఆడిటర్‌ని ఎవరు నియమించాలి అన్నవి చూడండి. ఇవి డయాసిస్‌కీ డయాసిస్‌కీ కొంత తేడాగా ఉంటాయి కాబట్టి పక్క ఊరివాళ్ళు చెప్పింది నమ్మి దిగకండి. మా మొదటి తీర్మానం నోటీసు రెండు రోజులు ఆలస్యమైందని పక్కన పెట్టేశారు. ఒక ఏడాది పోయింది. తప్పు మాదే, రూలు మేము చదవలేదు.

మీ స్నేహితుల చందాలు కట్టి ఉన్నాయో లేదో కూడా ఈ వారమే చూసుకోండి. అన్యాయం గురించి గట్టిగా మాట్లాడే కుర్రాళ్ళలో సగం మంది పేర్లు ఓటర్ల జాబితాలో ఉండవు. చందా కట్టి ఉండరు, లేదా ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళి సభ్యత్వం బదిలీ చేసుకోకుండా ఉంటారు. ఎన్నిక రోజు అది బయటపడుతుంది.

మీ ప్రశ్నలో అయ్యగారి మీద చాలా కోపం కనిపించింది. కొంచెం ఆగండి. మన పద్ధతిలో ప్రెస్బిటర్లు, అంటే అయ్యగార్లు, కొన్నేళ్ళకోసారి బదిలీ అవుతారు. కమిటీలో కూర్చునే కుటుంబాలు బదిలీ కావు. కొత్త అయ్యగారు వచ్చేసరికి షాపుల ఒప్పందాలు అయిపోయి ఉంటాయి, తాళాలు వేరేవాళ్ళ దగ్గర ఉంటాయి. అడిగితే ఆయన మీదే బిషప్ ఆఫీసుకి ఫిర్యాదు వెళ్తుంది. మా దగ్గర ఒక యువ ప్రెస్బిటర్ లెక్కల పుస్తకం అడిగిన నాలుగు నెలలకే దూరానికి బదిలీ అయ్యారు, పదో తరగతి చదివే కూతురిని ఇక్కడే బంధువుల దగ్గర వదిలి వెళ్ళాల్సి వచ్చింది. అయ్యగారు శత్రువని ముందే నిర్ణయించుకోకండి. వెళ్ళి ఒంటరిగా కలవండి. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరస అదే: ముందు నీవూ అతడూ, తర్వాత ఇద్దరు ముగ్గురు, ఆ తర్వాతే సంఘం. మొదటి రెండు మెట్లు ఎక్కామని తర్వాత చూపించుకోవడానికి తేదీలు రాసుకోండి.

ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం వద్దు. పేరు లేని ఉత్తరం బిషప్ ఆఫీసులో చెత్తబుట్టలోకి పోతుంది, ఊళ్ళో మాత్రం ఎవరు రాశారన్న అనుమానం ఏళ్ళ తరబడి మిగులుతుంది. మీ పేరుతో, మర్యాదగా, ఒక్క విషయం మీదే రాయండి. ఒక కాపీ ఉంచుకోండి, చేతికిస్తే రసీదు సంతకం తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి ఆ కాగితం దాచుకోండి.

షాపుల విషయానికి వద్దాం. సీఎస్ఐ ఆస్తులు చాలావరకు పాస్టరేట్ పేరు మీద ఉండవు, సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి. 1947లో సంఘం ఏర్పడినప్పుడే దాన్ని కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ చేశారు. కాబట్టి స్థలం అమ్మడం మీ కమిటీ చేతిలో ఉన్న అధికారం కాదు. లీజు విషయంలో కూడా డయాసిస్ అనుమతి ఉందా అన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. కంపెనీ కాబట్టి అది రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌లో దాఖలు చేసిన పత్రాలను ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు.

సర్వే నంబరు లేదా డోర్ నంబరు తెలిస్తే రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఆ స్థలం ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏదైనా అమ్మకమో, తనఖాయో, రిజిస్టరైన లీజో ఉంటే అందులో కనిపిస్తుంది, ఆ డాక్యుమెంటు సర్టిఫైడ్ కాపీ కూడా తీసుకోవచ్చు. కానీ ఒక మెలిక ఉంది.  చాలాచోట్ల షాపులు రిజిస్టర్ చేయించకుండా పదకొండు నెలల ఒప్పందం మీద ఇచ్చి, దాన్నే తిరగరాస్తూ పోతారు. అవి ఈసీలో రావు. ఈసీ ఖాళీగా వచ్చిందని అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. ఆ ఒప్పందాలు కమిటీ ఫైల్లోనే ఉంటాయి, వాటిని జనరల్ బాడీలోనే అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు నేరుగా సంఘం మీద వేస్తే సాధారణంగా పనికిరాదు, సంఘం ప్రభుత్వ కార్యాలయం కాదు.

మీరు వెళ్ళి "దొంగలు" అనకండి. అదే వీధిలో పక్క షాపుల అద్దె ఎంతో పది మందిని అడిగి రాసుకోండి. మా కాంపౌండ్ షాపుకి వచ్చే అద్దె ఎదుటి షాపు అద్దెలో మూడో వంతు కూడా లేదని ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చదివాం. ఎవరి పేరూ చెప్పలేదు. ఆ అంకెలు విన్నాక గుడిలో ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు మనుషుల సంగతి. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ దాచితే మీకు మేలు చేసినదాన్ని కాను. మన సంఘ ఎన్నికల్లో ప్యానెల్ అంటే చాలాచోట్ల కులం లెక్కే. మాలవాళ్ళ ప్యానెల్, మాదిగవాళ్ళ ప్యానెల్, కొన్నిచోట్ల వేరే కులాల నుంచి వచ్చిన కుటుంబాల ప్యానెల్. మీతో సంతకం పెట్టే మొదటి పదిమందీ ఒకే పేటవాళ్ళైతే మీరు ఎంత నిజం చెప్పినా అది ఆ పేట గొడవగానే వినపడుతుంది. మొదటి సంతకం రెండో పేట నుంచి తీసుకోండి. దొరకకపోతే దొరికేదాకా ఆగండి. నేను ఒక ఏడాదిన్నర ఆగాను. ఆ కాలంలో నేను చేసిందల్లా వాళ్ళ ఇళ్ళలో ప్రార్థన కూడికలకి వెళ్ళడం, వాళ్ళ పెళ్ళిళ్ళలో వంటల దగ్గర నిలబడడం.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మీ బృందమంతా కలిసి చదవండి. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళను రోజువారీ పంపిణీలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు వచ్చింది. అది కూడా భాష, వర్గం చుట్టూ తిరిగిన లెక్కల గొడవే. అపొస్తలులు సణిగినవాళ్ళను గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు... అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షానికే పంపిణీ అప్పగించారు. "లెక్క అడగడం ఆత్మీయత కాదు" అని మీతో ఎవరైనా అంటే ఈ అధ్యాయం తీసి చూపండి. రెండో రాజులు 12 కూడా చూపండి. మందిరం బాగుచేయడానికి వచ్చిన డబ్బుతో యోవాషు రాజు ఏలుబడిలో ఇరవై మూడో ఏడు వచ్చినా యాజకులు పని చేయించకపోతే పెట్టె మూతకి బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టారు. రాజు తరఫు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవాళ్ళు. మేము గెలిచిన మొదటి రూలు ఇదే: ఆదివారం కానుకలు ఆరాధన అయిన వెంటనే, కానుకలు చూసుకునే స్టీవార్డుతో పాటు కమిటీలో లేని ఇద్దరు సభ్యులు లెక్కపెట్టి, రిజిస్టర్లో రాసి, ముగ్గురూ సంతకం పెట్టి, అప్పుడే బయటికి రావాలి. చిన్న రూలే. కానీ ఆ తర్వాత ఎవరు ట్రెజరరైనా ఆ రిజిస్టర్ని దాటిపోలేకపోయారు. ట్రెజరర్‌గా నన్ను కూడా అది కాపాడింది, ఎందుకంటే నిందలు నా మీదా వచ్చాయి.

ఇంకో భయం గురించి కూడా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. మన కుటుంబాల్లో చాలామంది సర్టిఫికెట్ ఒకలా, సంఘం రిజిస్టర్ ఒకలా ఉండడం అందరికీ తెలిసిందే. అందుకే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు సంఘం కాగితం మీద సంతకం పెట్టమంటే వెనకాడతారు. వాళ్ళను పిరికివాళ్ళని అనకండి. సంతకం లేకుండానే సాయం చేసే దారులు ఉన్నాయి: ఓటు వేయడం, లెక్కలు చూసిపెట్టడం, టైపు చేసిపెట్టడం. గొడవ ముదిరాక ఎదుటి పక్షంలో ఒకరి సర్టిఫికెట్ మీద కలెక్టర్‌కి అర్జీ పెడదామని మీ వాళ్ళలోనే ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వచ్చిన రోజు మీరు లేచి వద్దనండి. షాపు అద్దె కోసం ఒక ఇంటి పిల్లల చదువు పోగొట్టకూడదు. మా దగ్గర అది ఒకసారి జరగబోయింది. ఆపగలిగినందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

తీర్మానం ఓడిపోతే ఏం చేయాలని అడిగారు. మళ్ళీ పెట్టాలి. అయితే ఓడిన తీర్మానం కూడా మినిట్స్‌లో ఎక్కిందో లేదో అక్కడే చదివించుకోండి. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎన్ని ఓట్లు అన్నవి ఉండాలి. పై అధికారులు చూసేది ఆ పుస్తకమే. నేను మూడేళ్ళ వరస మినిట్స్ కాపీలు పట్టుకుని డయాసిస్ ట్రెజరర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మొదటిసారి నన్ను కూర్చోమన్నారు. ఆ మధ్యలో నేను కమిటీ ఎన్నికలో ఓడిపోయాను కూడా, పద్నాలుగు ఓట్ల తేడాతో. ఆ రాత్రి ఇక చాలనుకున్నాను. మా వారు ఏమీ అనకుండా తర్వాతి ఆదివారం నల్లబల్ల తుడిచి నా చేతికి సుద్దముక్క ఇచ్చారు.

పాస్టరేట్ తర్వాత చోటు డయాసిస్ కౌన్సిల్. ప్రతి పాస్టరేట్ నుంచి లే ప్రతినిధులు (అయ్యగార్లు కాని సభ్యులు) వెళ్తారు, బిషప్ ఎన్నికకి పేర్ల ప్యానెల్‌ని ఎన్నుకునేది ఆ కౌన్సిలే, తుది ఎంపిక సినాడ్ (అన్ని డయాసిస్‌ల పైన ఉండే సభ) స్థాయిలో జరుగుతుంది. చాలా సంఘాలు ఆ ప్రతినిధి పదవిని గౌరవంగా ఎవరో ఒక పెద్దాయనకి ఇచ్చేస్తాయి. ఆయన రెండు రోజులు భోజనం చేసి, సంచి తీసుకుని వచ్చేస్తారు. మీ బృందం కమిటీ సీట్ల కోసం కొట్లాడే బదులు ఆ ఒక్క సీటు అడగండి. అక్కడ పక్క పాస్టరేట్ల నుంచి మీలాంటివాళ్ళు నలుగురు కలిస్తే, ఒకే తీర్మానం నాలుగు చోట్ల నుంచి వస్తే, ఎజెండాలోంచి తీసేయడం కష్టం.

ఎంత కాలం పడుతుందో కూడా ముందే తెలుసుకుని దిగండి. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చుకుని 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మిషనరీల ఎదుటే నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇక స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆ మాటకి అక్కడ చాలామంది నొచ్చుకున్నారు. ఆయన సంఘం వదల్లేదు. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో సంఘాల ఐక్యత కోసం ప్రకటన చేసినవాళ్ళలో ముందున్నారు. సీఎస్ఐ ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. ఇరవై ఎనిమిదేళ్ళు. ఆయన 1945 జనవరి 1నే కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు. ఆడవాళ్ళ సంగతీ అంతే. సీఎస్ఐలో తొలి మహిళకు ప్రెస్బిటర్ అభిషేకం 1976లో జరిగితే, తొలి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలిత గారు మన నంద్యాల డయాసిస్‌కి వచ్చింది 2013లో. ఆ ముప్పై ఏడేళ్ళలో ఎన్ని కౌన్సిళ్ళలో ఎంతమంది అమ్మలు ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడిగి ఉంటారో నేను ఊహించగలను. నేను కూడా అడిగినవాళ్ళలో ఒకదాన్ని.

కోర్టు గురించి. తలుపు మూసి ఉండదు, కొన్నిసార్లు అదే దారి. పబ్లిక్ ట్రస్టు ఆస్తి విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, సంబంధం ఉన్న ఇద్దరు లేదా అంతకు మించినవాళ్ళు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. రాత్రికి రాత్రి స్థలం అమ్మేస్తున్నారని తెలిస్తే ఆగకుండా లాయర్‌ని కలవండి. మిగతా వాటికి అది చివరి మెట్టుగానే ఉంచండి. బిషప్పుల రిటైర్మెంట్ వయసును 67 నుంచి 70కి పెంచే సవరణ, సినాడ్ ఎన్నికల వివాదాలు మద్రాస్ హైకోర్టుకు వెళ్ళి, 2024లో ఇద్దరు రిటైర్డ్ జడ్జీలను అడ్మినిస్ట్రేటర్లుగా నియమించేదాకా పోయాయి, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు చేరాయి. కేసులు సాగినంత కాలం కానుక డబ్బు రెండు పక్షాల లాయర్లకీ పోతుంది, ఎన్నికలు ఆగుతాయి, పాత కమిటీయే కుర్చీలో ఉంటుంది. మీకు కావలసింది దానికి వ్యతిరేకం కదా.

యూట్యూబ్ వద్దే వద్దు. పేరు పెట్టి దొంగ అంటే పరువు నష్టం కేసు మీ మీదే పడుతుంది, షాపుల సంగతి పక్కకుపోయి మీ వీడియో సంగతే మిగులుతుంది. పైగా సంఘంలో అటూ ఇటూ కాకుండా ఉన్న పెద్ద గుంపు ఉంటుంది. మన ఇంటి గొడవ బజారులో పెట్టారని ఆ గుంపంతా అవతలికి వెళ్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను పైన చెప్పిన ఓర్పు, మెట్లు, నోటీసులు ఏవీ వర్తించవు. పిల్లల మీద, హాస్టల్ పిల్లల మీద, ఎవరి మీదైనా లైంగిక వేధింపు జరిగితే సంఘ కమిటీ దగ్గరికి వెళ్ళకండి. పిల్లలైతే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. 1098కి ఫోన్ చేయండి. అయ్యగారి పరువు, సంఘం పరువు అని ఎవరు ఆపినా ఆగకండి.

కింద కామెంట్లలో వేరే సంఘాలవాళ్ళు కూడా అడిగారు కాబట్టి వాళ్ళకి క్లుప్తంగా. బాప్టిస్టు సంఘాల్లో స్థానిక సంఘం బిజినెస్ మీటింగ్‌కే అధికారం ఎక్కువ, కాబట్టి పని అక్కడే మొదలై అక్కడే తేలుతుంది. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) సంఘాల్లో విచారణ (ఒక గురువు కింద ఉండే స్థానిక సంఘం) స్థాయిలో ఓటుతో నిర్ణయించే అధికారం తక్కువ. కానీ కాథలిక్ సంఘ నియమావళి అయిన కానన్ చట్టం 537 ప్రకారం ప్రతి విచారణకీ ఆర్థిక మండలి ఉండి తీరాలి, 212 ప్రకారం సంఘ మేలు కోసం తమ అభిప్రాయాన్ని గురువులకు తెలిపే హక్కు విశ్వాసులకి ఉంది. మీ విచారణలో ఆర్థిక మండలి ఉందా, అందులో ఎవరున్నారు అని అడగడంతో మొదలుపెట్టండి. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర కమిటీ జాబితా, నిబంధనల కాపీ తీసుకోవచ్చు.

తమ్ముడూ, మీ జనరల్ బాడీ జనవరిలో అన్నారు. నోటీసు గడువు పుస్తకంలో చూసి, ఇలా ఒక పేజీకి మించకుండా రాయండి: "గత ఆరు ఆర్థిక సంవత్సరాల ఆడిట్ లెక్కలను మూడు నెలల్లోగా సంఘం ముందు చదవాలనీ, ఆడిట్ కాని సంవత్సరాలకు కమిటీ సభ్యుల బంధువు కాని ఆడిటర్‌ని ఈ సమావేశంలోనే నియమించాలనీ, కాంపౌండ్‌లోని ఏడు షాపుల అద్దె, ఒప్పందం తేదీ, బకాయి వివరాలను నోటీసు బోర్డులో పెట్టాలనీ తీర్మానిస్తున్నాం." ప్రతిపాదించేవారు ఒక పేట నుంచి, బలపరిచేవారు రెండో పేట నుంచి ఉండాలి. వీలైతే ఇద్దరిలో ఒకరు స్త్రీల మైత్రి అమ్మగారు కావాలి. రాసింది పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను. ఈలోగా మీ యూత్ ఫండ్ లెక్క ఈ ఆదివారమే గుమ్మం దగ్గర అంటించండి.